ఒక్క కోతి చాలదు

విశాఖపట్నంలో కోతిని చూడడానికి టికెట్ కొనక్కర్లేదు. సింహాచలం కొండ మీద కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, అదే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. కొండవాలున ఇళ్లు కట్టుకున్నవాళ్లకైతే పెరట్లో జామకాయలు తమవో కోతులవో ఏటా తేల్చుకోవాల్సిన తగవే. అయినా కంబాలకొండ చెంతనున్న ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకు వెళ్లి, టికెట్ తీసుకుని, కోతుల ఎన్‌క్లోజర్ల ముందు పిల్లల్ని భుజాన ఎత్తుకుని నిలబడతాం. కొండ మీది కోతి ఉచితం, కందకం అవతలి కోతికి వెల. ఆ వెల దాని అరుదుతనానిది.

అరుదైన కోతి జాతిని జూలో ఉంచడం దాన్ని కాపాడడమా, లేక చూపించి డబ్బు చేసుకోవడమా? ఈ ప్రశ్న మీద ప్రపంచమంతటా యాభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఒకవైపు జంతువులను బంధించడమే పాపమనేవాళ్లు, ఇంకోవైపు జూలు లేకపోతే కొన్ని జాతులు ఎప్పుడో అంతరించిపోయేవనేవాళ్లు. ఇద్దరి దగ్గరా రుజువులున్నాయి. ఆ రుజువులన్నీ ఒకచోట చేర్చి చూస్తే మాత్రం వాదన జరగాల్సిన చోటు వేరని తెలుస్తుంది. ఉంచాలా వద్దా అన్నది తర్వాతి మాట. ఎన్నింటిని ఉంచుతున్నారు, ఏ జూలతో కలిసి ఉంచుతున్నారు, ఏ అడవి కోసం ఉంచుతున్నారు అన్నది మొదట అడగాలి.

రకానికి ఒకటి అనే అలవాటు

మన దేశంలో పాత జూలు బ్రిటిష్ కాలంలోనో సంస్థానాధీశుల ముచ్చటకో పుట్టాయి. మద్రాసులో 1855లో, తిరువనంతపురంలో 1857లో, కలకత్తా అలీపూర్‌లో 1876లో. అప్పటి లెక్క సులువు: ఎన్ని రకాల జంతువులుంటే అంత గొప్ప జూ. రకానికి ఒకటో రెండో ఉంటే చాలు, బోర్డు మీద పేరు రాసెయ్యొచ్చు. పులి, ఖడ్గమృగం లాంటి ఒంటరి జంతువులు ఈ పద్ధతిని ఏదోలా తట్టుకున్నాయి. గుంపుగా తప్ప బతకలేని కోతులే ఎక్కువ నష్టపోయాయి.

విశాఖ జూ ఆ తరం తర్వాతది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, 1977 మే 19న ఇది జనానికి తలుపులు తెరిచింది. మొత్తం 625 ఎకరాలు. ఒకవైపు 16వ నంబరు జాతీయ రహదారి, మరోవైపు సాగర్‌నగర్ సముద్రతీరం, చుట్టూ తూర్పు కనుమల కొండలు. ఊరి నడిబొడ్డున ఇరుక్కుపోయిన పాత జూలకు దొరకని చోటు దీనికి పుట్టుకతోనే దక్కింది. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

చట్టం కూడా క్రమంగా పాత అలవాటుకు ఎదురు తిరిగింది. 1991 సవరణతో జూలకు ప్రత్యేక అధ్యాయం వచ్చింది, 1992లో సెంట్రల్ జూ అథారిటీ ఏర్పడింది, 1998లో జాతీయ జూ విధానం వెలువడింది. 2009 నాటి జూ గుర్తింపు నిబంధనలు జంతువులను వాటి సహజ స్వభావానికి తగిన గుంపులుగానే ఉంచాలంటాయి. సరైన కారణం లేకుండా ఏ జంతువునూ ఏడాదికి మించి జోడు లేకుండా ఉంచకూడదంటాయి. కాగితం మీద ఇది చిన్న నిబంధనే. కోతి విషయంలో మాత్రం జూ పని మొత్తాన్నీ తిరగరాసే నిబంధన.

విశాఖకు ఇంకో బాధ్యత కూడా వచ్చిపడింది. 1998 అక్టోబరులో కేంద్రం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు ఇప్పించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. సర్కస్ గుడారాల నుంచి బయటపడ్డ సింహాలు, పులుల కోసం దేశంలో పెట్టిన కొద్దిపాటి పునరావాస కేంద్రాల్లో ఒకటి విశాఖ జూ దగ్గరిదే. వాటిని ముసలితనం వరకు పోషించాలి, సంతానం మాత్రం వద్దు. ఒకే ప్రాంగణం చుట్టుపక్కల ఒకచోట కరుణ కోసం బందీలు, ఇంకోచోట సంతానం కోసం బందీలు. ఈ రెండింటినీ కలిపేసి ఒకే మాటతో మెచ్చుకోవడం గానీ తిట్టడం గానీ కుదరదు.

సింహపుతోక కోతి చరిత్ర

అరుదైన కోతిని జూలో ఉంచడమంటే ఏమిటో తెలుసుకోవడానికి మన దేశంలో అందరికంటే పెద్ద సాక్షి సింహపుతోక కోతి. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక చివర కుచ్చు. పడమటి కనుమల్లోని కర్ణాటక, కేరళ, తమిళనాడు అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. అడవిలో మిగిలినవి నాలుగు వేలలోపే. నేల మీదికి దిగడం దీనికి ఇష్టముండదు, చెట్ల కొమ్మలు ఒకదానికొకటి తగులుతూ ఉన్న చోటే బతుకు. కుంతిపుళ నది మీద కట్టాలనుకున్న జలవిద్యుత్ ప్రాజెక్టు ఆగిపోయి, సైలెంట్ వ్యాలీ 1984లో జాతీయ పార్కు కావడం వెనక ఈ కోతి బొమ్మ చేసిన ప్రచారం తక్కువది కాదు.

అంత పేరున్న జంతువుకు జూల్లో దక్కిన బతుకు వేరు. అడవిలో ఆడకోతికి ఆరేళ్ల వయసు దగ్గరపడితే గానీ తొలి కాన్పు ఉండదు. కాన్పుకు ఒక్క పిల్ల, మళ్లీ రెండు మూడేళ్ల ఎడం. ఆడపిల్లలు జీవితమంతా పుట్టిన గుంపులోనే ఉంటాయి, మగవి పెద్దయ్యాక వేరే గుంపు వెతుక్కుంటాయి. అక్కలు, పిన్నులు, అమ్మమ్మలు కలిసి పిల్లను పెంచే ఉమ్మడి కుటుంబం అది. ఆ కుటుంబంలోంచి ఒకదాన్ని తెచ్చి, ఇంకో ఊరి నుంచి ఇంకోదాన్ని తెచ్చి జత కడితే, అవి పక్కపక్కన కూర్చుంటాయి, అంతే. జత కట్టడం, పిల్లను పొదివి పట్టుకోవడం, పాలివ్వడం పెద్దలను చూసి నేర్చుకోవాల్సినవి. చూడకుండా పెరిగిన తల్లి పుట్టిన బిడ్డను వదిలేయడం జూ సిబ్బందికి కొత్త సంగతి కాదు.

అమెరికా, యూరప్ జూలు ఈ విషయాన్ని ముందు గ్రహించాయి. 1980ల్లో ఉత్తర అమెరికాలోనూ, ఆ దశాబ్దం చివర యూరప్‌లోనూ సింహపుతోక కోతికి ఉమ్మడి పెంపకం ప్రణాళికలు మొదలయ్యాయి. ప్రతి జంతువుకూ వంశవృక్షం రాసి, ఏ మగదాన్ని ఏ ఊరికి పంపాలో బల్ల ముందు కూర్చుని నిర్ణయించే పద్ధతి అది. ఫలితం వచ్చింది, గుంపులు పెరిగాయి. ఆ తర్వాత చోటు చాలలేదు. సింహపుతోక కోతి లాంటి మాకాక్ కోతులు మోసే హెర్పిస్ బి వైరస్ భయం కూడా తోడై అమెరికా జూలు వెనకడుగు వేశాయి. చోటు కోసం ఆడకోతులకు గర్భనిరోధకాలు ఇచ్చారు. కొన్నేళ్లకు చూస్తే గుంపులన్నీ ముసలివైపోయాయి. మైసూరు విశ్వవిద్యాలయానికి చెందిన మేవా సింగ్, జర్మనీకి చెందిన వెర్నర్ కౌమాన్స్ ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన హెచ్చరిక ఇదే: పెంపకాన్ని కుళాయిలా ఇష్టమొచ్చినప్పుడు కట్టేసి, కావాలన్నప్పుడు తిప్పడం కుదరదు. గుంపు ఎప్పుడూ పిల్లలతో నడుస్తూ ఉండాలి. నాలుగేళ్లు ఆగిపోతే పెంచడం చూసి నేర్చుకునే తరం ఒకటి జారిపోతుంది.

మన దేశంలో ఈ జాతి పెంపకానికి సెంట్రల్ జూ అథారిటీ చెన్నై దగ్గరి వండలూరు అరిజ్ఞర్ అణ్ణా జూను కేంద్రంగా నియమించింది. సందర్శకుల కంటపడని చోట పెంపకం ఎన్‌క్లోజర్లు కట్టారు. సొంత దేశపు కోతిని సొంత వాతావరణంలో పెంచే అవకాశం మనది. అయినా చాలాకాలం మన జూల్లోని సింహపుతోక కోతులు ఊరికి ఒకటీ అరా చెదిరి ఉండిపోయాయి. దేశం మొత్తం మీద ఉన్నవాటిని నాలుగైదు పెద్ద గుంపులుగా చేర్చాలంటే కొన్ని జూలు తమ కోతిని వదులుకోవాలి. ఏ జూకీ అది అంత తేలికైన పని కాదు. చెట్టు కింద బోర్డు ఖాళీ అయితే సందర్శకుడు అడుగుతాడు కదా.

ఈలోపు అడవిలో పని ఆగలేదు. వాల్పారై తేయాకు తోటల మధ్య చిక్కుకున్న సింహపుతోక కోతులు రోడ్డు దాటుతూ బళ్ల కింద పడుతుంటే, మైసూరులోని నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు రోడ్డుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు వేలాడే వంతెనలు కట్టారు. కర్ణాటకలో శిరసి, హొన్నావర అడవుల్లో పెద్ద గుంపులున్నాయని తేలాక 2011లో అఘనాశిని ప్రాంతం వీటి కోసమే సంరక్షణ రిజర్వు అయింది. జూ చేయలేకపోయినదాన్ని ఒక తాడు వంతెన చేసింది అనడం అతిశయోక్తి కావచ్చు. ఖర్చు లెక్కలో మాత్రం ఆ మాట కొట్టిపారేయలేం.

బ్రెజిల్‌లో పని జరిగిన తీరు

జూలను సమర్థించేవాళ్లు తప్పకుండా చెప్పే ఉదాహరణ బ్రెజిల్‌ది. గోల్డెన్ లయన్ టామరిన్ చిన్నపాటి బంగారురంగు కోతి. రియో డి జనీరో రాష్ట్రపు తీరపు అడవులు నరికేయడంతో 1970ల నాటికి సుమారు 200 మిగిలాయి. జూల్లో ఉన్నవి కూడా చచ్చిపోతుండేవి, సరైన తిండి ఏమిటో, కుటుంబం ఎలా ఏర్పడుతుందో తెలియక. 1972లో శాస్త్రవేత్తలు వాషింగ్టన్‌లో కూర్చుని ఈ జాతికి ఒక ప్రణాళిక వేశారు. బ్రెజిల్ నుంచి కోయింబ్రా-ఫిల్యో, స్మిత్సోనియన్ జూ నుంచి డెవ్రా క్లైమన్ దానికి పెద్దదిక్కయ్యారు. తిండి మారింది, కుటుంబాలను చెదరనివ్వకుండా ఉంచారు, తమ్ముళ్లను చెల్లెళ్లను మోస్తూ పెద్ద పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకున్నాయి. సంఖ్య పెరిగింది.

1984 నుంచి 2001 వరకు జూల్లో పుట్టిన సుమారు 146 టామరిన్లను అడవిలో వదిలారు. ఇక్కడే ఎక్కువమంది ప్రస్తావించని భాగం ఉంది. మొదట వదిలినవాటిలో చాలా చచ్చిపోయాయి. ఊగే కొమ్మ మీద నడవడం రాదు, పురుగును పట్టడం రాదు, పామును చూసి పారిపోవడం రాదు. వదిలాక కూడా నెలల తరబడి తిండి పెట్టి, వెంట తిరిగి కాపాడాల్సి వచ్చింది. అడవిలో పుట్టిన వాటి పిల్లలు మాత్రం నిలదొక్కుకున్నాయి. జూలు ఈ కోతుల మీద యాజమాన్యం వదులుకుని వాటిని బ్రెజిల్ ప్రభుత్వానికి అప్పగించాయి. ఏ దేశంలో ఉన్నా ఆ కోతి బ్రెజిల్‌దే. 2014 నాటికి అడవిలో సుమారు 3,700 అయ్యాయి. తర్వాత ఎల్లో ఫీవర్ వచ్చి వేయికి పైగా చచ్చిపోయాయి. టీకాలు వేసి, మళ్లీ చెట్లు నాటి, 2020లో జాతీయ రహదారి మీదుగా అడవి వంతెన కట్టారు. 2023 లెక్కలో 4,800 దాకా తేలాయి.

ఇదంతా జూ గొప్పదనమా? కొంతవరకే. జూ గింజ ఇచ్చింది, పొలం బ్రెజిల్‌ది. రైతులు ఒప్పుకుని తమ భూముల్లో చెట్లు పెంచకపోతే, ప్రభుత్వం అడవిని కాపాడకపోతే వాషింగ్టన్‌లో పుట్టిన కోతికి వెళ్లడానికి చోటే లేదు.

దీనికి తిరగేసిన కథ మన బ్రహ్మపుత్ర మీద ఉంది. గువాహటి దగ్గర ఉమానంద దీవిలో 1980ల్లో బంగారు కొండముచ్చుల జంటను వదిలారు. అస్సాం, భూటాన్‌లలో తప్ప ఎక్కడా ఉండని జాతి అది. దీవిలో కొన్నాళ్లు పెరిగాయి. చిన్న దీవి, దగ్గరి రక్తం, భక్తులు పెట్టే అరటిపళ్లు, బిస్కట్లు. క్రమంగా తగ్గి తగ్గి 2020లో చివరిది పోయింది. చుట్టూ నీళ్లుంటే అది స్వేచ్ఛ అనుకున్నారు. గుంపుకు బయటి నుంచి కొత్త రక్తం రాకపోతే దీవికీ బోనుకూ తేడా లేదు.

మన జూలు సాధించింది

తెలుగు నేల మీద ఇలాంటి పని జరగలేదనుకోకూడదు. హైదరాబాద్ నెహ్రూ జూలో 2010లో ఆ ఊళ్లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, సెంట్రల్ జూ అథారిటీ కలిసి మూషిక జింకల పెంపకం మొదలుపెట్టాయి. కుందేలంత జింక అది. కొద్దిపాటి జంతువులతో మొదలై ఏడేళ్లలో రెండు వందలు దాటాయి. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు. వెనక సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ ఊహించిన ఆ కేంద్రాన్ని 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. జన్యు పరీక్షలు, హార్మోన్ పరీక్షలు, వీర్యం భద్రపరచడం అక్కడ జరుగుతాయి. దేశంలో చాలా జూలకు పక్క ఊళ్లో ఇలాంటి సాయం లేదు.

అయితే మూషిక జింక ఒంటరి జీవి. పుట్టిన కొద్దిసేపటికే లేచి నిలబడుతుంది, తల్లి దగ్గర నేర్చుకోవాల్సింది తక్కువ. కోతికి ఈ సూత్రం చాలదు. అందుకే విశాఖ జూ అనుభవం ఇక్కడ ఎక్కువ విలువైనది. అంతరించే ముప్పున్న రేసుకుక్కల పెంపకానికి సెంట్రల్ జూ అథారిటీ ఎంచుకున్న జూ విశాఖే. రేసుకుక్క గుంపు జంతువు. గుంపులో పిల్లలు పెట్టేది సాధారణంగా ఒక్క జంటే, మిగతావి వేటాడి తెచ్చి పిల్లలకు కక్కి పెడతాయి. ఎవరిని ఎవరితో కలపాలి, ఎప్పుడు విడదీయాలి, గుంపులో పోట్లాట హద్దు దాటిందని ఎప్పుడు తెలుసుకోవాలి అన్నవి పుస్తకంలో దొరికే విషయాలు కావు, కీపర్ రోజూ చూసి చెప్పేవి. కోతులకు కావాల్సిందీ సరిగ్గా ఆ నేర్పే. మడగాస్కర్ నుంచి వచ్చిన రింగ్‌టెయిల్డ్ లీమర్ల లాంటి విదేశీ వానర బంధువులను కూడా ఈ జూ సాకింది. అంటే మనుషులున్నారు, చోటుంది, నేర్పు కొంత ఉంది. ఏ జాతి మీద పెట్టాలన్నదే మిగిలిన ప్రశ్న.

జనం, తిండి, జబ్బు

విశాఖ జూకు సోమవారం సెలవు. ఆ సెలవు శుభ్రం చేసుకోవడానికేనని మనం అనుకుంటాం. అవంతి మల్లాపూర్, అనింద్య సిన్హా, నటాలీ వారన్ భారతీయ జూల్లోని సింహపుతోక కోతులను గమనించి 2005లో ప్రచురించిన అధ్యయనం ఆ రోజు విలువ ఏమిటో చెప్పింది. సందర్శకులున్న రోజుల్లో ఒకేచోట అటూ ఇటూ తిరుగుతూ ఉండడం, తమను తాము కొరుక్కోవడం లాంటి వికార చేష్టలు పెరిగాయి. జనం లేని రోజుల్లో తగ్గాయి. కోతిని కోతిలా కూర్చోనిచ్చేది జనం లేకపోవడమే. మనం అరిచి, ఈల వేసి, వేరుశెనగలు విసిరి దాన్ని పలకరించడం సరదా అనుకుంటాం. దానికి అది రోజంతా తప్పించుకోలేని తాకిడి. ఎన్‌క్లోజర్‌కు నాలుగు దిక్కులా జనం నిలబడేలా కట్టడం పాత పద్ధతి. ఒకే వైపు చూసే చోటు పెట్టి, వెనక దాక్కోవడానికి చెట్లు, ఎత్తులో కూర్చోవడానికి దుంగలు ఇస్తే ఖర్చు పెద్దగా పెరగదు. కోతి కనిపించలేదని కొందరు గొణుగుతారు. గొణగనివ్వాలి.

తిండి సంగతి ఇంకా విచిత్రం. కోతికి అరటిపండు పెట్టకపోతే మనకు తోచదు. ఇంగ్లండ్‌లోని పెయిగ్న్‌టన్ జూ 2014లో తమ కోతులకు అరటిపళ్లు ఆపేసింది. మనుషుల కోసం పండించే పళ్లలో అడవి పళ్లకంటే చక్కెర చాలా ఎక్కువ, పీచు తక్కువ. పళ్లు పుచ్చడం, షుగరు జబ్బు, దానికితోడు కొట్లాటలు. కూరగాయలు, ఆకులు పెంచాక కోతులు నెమ్మదించాయి. విశాఖలో మునగాకు, చింతచిగురు, రావి, మర్రి కొమ్మలకు కొదవా? ఊళ్లో చెట్లు కొట్టిన ప్రతిసారీ వాటి కొమ్మలు చెత్తకుప్పకు పోతాయి. అందులో మందు చల్లని మంచి ఆకు జూకు చేరే దారి వేస్తే బాగుంటుంది.

జబ్బు భయం రెండు వైపులా నడుస్తుంది. మనిషి పెదవి మీద పొక్కు తెచ్చే మామూలు హెర్పిస్ వైరస్ చిన్న మార్మోసెట్ కోతిని చంపేస్తుంది. రీసస్ కోతికి పెద్దగా హాని చేయని హెర్పిస్ బి మనిషికీ, కొన్ని ఇతర కోతి జాతులకూ ప్రాణాంతకం. కొండల నడుమ ఉన్న జూ చుట్టూ అడవి కోతులు తిరగకుండా ఎవరూ ఆపలేరు. మిగిలిన తిండి కోసం అవి దిగితే పాత జబ్బు కొత్త గుంపుకు అంటుకోవడానికి క్షణం చాలు. 2021 మే నెలలో హైదరాబాద్ జూలో 8 సింహాలకు కోవిడ్ సోకిందని సీసీఎంబీ ప్రకటించినప్పుడు, మనిషి దగ్గు కందకం దాటగలదని దేశమంతా చూసింది. కోతి మనకు సింహంకంటే చాలా దగ్గరి చుట్టం.

తుపాను లెక్క

విశాఖలో ఏ జంతువును ఉంచాలన్నా సముద్రాన్ని అడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద విరుచుకుపడినప్పుడు జూలో పెద్దపెద్ద చెట్లు కూలిపోయాయి, కంచెలు దెబ్బతిన్నాయి. ఉక్కపోత ఊళ్లో నీడ ఒక్కరాత్రిలో మాయమైంది. అరుదైన జాతి మొత్తాన్ని ఒకే చోట ఉంచడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పెంపకం గుంపులు కనీసం రెండు మూడు ఊళ్లలో ఉండాలి, అందులో కొన్ని తీరానికి దూరంగా ఉండాలి.

తుపాను కోతులకు ఏం చేస్తుందో చెప్పే సాక్ష్యం పోర్టోరికోలో ఉంది, ఆ సాక్షులు మన దేశపు కోతులే. 1938లో అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ కార్పెంటర్ మన దేశం నుంచి ఓడలో నాలుగు వందలకు పైగా రీసస్ కోతులను తీసుకెళ్లి కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. వాటి సంతానం ఇప్పటికీ అక్కడే ఉంది. 2017లో మరియా హరికేన్ ఆ దీవిలో సగానికి పైగా పచ్చదనాన్ని ఊడ్చేసింది. మామూలుగా ఒకదాన్నొకటి తరిమే ఆ కోతులు తర్వాత మిగిలిన కొద్దిపాటి నీడలో ఒకదానికొకటి ఆనుకుని కూర్చోవడం నేర్చుకున్నాయి. అలా సర్దుకున్నవే ఎక్కువగా బతికాయని పరిశోధకులు తేల్చారు. తుపాను తీరంలో కోతి ఎన్‌క్లోజర్ కట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చే లెక్క ఉంది: నీడ ఒకేచోట కాక నాలుగు చోట్ల ఉండాలి, బలహీనమైనదానికి కూడా ఒకటి మిగలాలి.

రేపు అరుదయ్యేది మన ఇంటి కోతే

అరుదైన కోతి అనగానే ఆఫ్రికా, బ్రెజిల్, మడగాస్కర్ వైపు చూస్తాం. ఆ మోజుకు చీకటి కోణం ఉంది. 2022లో చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో పాములతో పాటు ఆఫ్రికాకు చెందిన డి బ్రాజా కోతి దొరికింది. ఇళ్లలో పెంచుకోవడానికి విదేశీ జంతువులను దొంగచాటుగా తేవడం దేశంలో పెరిగిపోయిన వ్యాపారం. వింత జాతిని చూపించడమే గొప్ప అని జూలు కూడా చాటితే, ఆ ఆశకు పరోక్షంగా నూనె పోసినట్టే.

ఇటు మన ఇంట్లో జరుగుతున్నది చాలామంది గమనించలేదు. తిరుమల మెట్ల మీద, శ్రీశైలం అడవిలో కనిపించే కోతి, నెత్తి మీద టోపీలా జుట్టు పాయ తీసినట్టుండేది, దక్షిణ భారతానికి మాత్రమే సొంతం. విశాఖ కోతి వేరు. గోదావరికి ఉత్తరాన ఉండేది రీసస్, ఎర్రటి పిరుదులు, పొట్టి తోక. చాలాకాలం గోదావరి ఈ రెండింటికీ హద్దుగా ఉండేది. 2011లో ఒక అధ్యయనం రీసస్ ఆ హద్దు దాటి దక్షిణానికి చొచ్చుకుపోతోందని, టోపీ కోతి వెనక్కి తగ్గుతోందని చూపించింది. ఊళ్లలో కోతుల బెడద అని పట్టి, లారీల్లో ఎక్కించి ఎక్కడెక్కడో వదిలేయడం కూడా దీనికి కొంత కారణం. రీసస్‌కు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఏ ముప్పూ లేదు. టోపీ కోతి మాత్రం ముప్పున్న జాతుల్లో చేరింది.

రీసస్ కథే కోతి సంఖ్య ఎంత చంచలమో చెబుతుంది. 1950ల్లో పోలియో టీకా పరిశోధనల కోసం ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు మన దేశం నుంచి ఎగుమతి అయ్యాయి. ఉత్తరాది ఊళ్లలో అవి దారుణంగా తగ్గిపోయాయి. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది, మళ్లీ పుంజుకున్నాయి. ఇప్పుడు తెలంగాణ 2020లో నిర్మల్ దగ్గర కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల కేంద్రం పెట్టుకోవాల్సి వచ్చింది. ఒక తరంలో కొరత, మరుసటి తరంలో బెడద. ఇప్పుడు మామూలుగా కనిపిస్తున్నదని టోపీ కోతిని వదిలేస్తే, పాతికేళ్ల తర్వాత దానికి పెంపకం కేంద్రం ఎక్కడ పెట్టాలని కమిటీ వేసుకోవాల్సి రావచ్చు. చెట్ల మీద నక్కి రాత్రిపూట తిరిగే కోతుల చుట్టం దేవాంగపిల్లి సంగతీ అంతే. మన తూర్పు కనుమల జంతువే, మన పిల్లల్లో ఎక్కువమంది దాని పేరే వినలేదు.

విశాఖ ఏం చేయాలి

జూలను వ్యతిరేకించేవాళ్ల వాదనలో ఒక మాట కాదనలేనిది. కోతికి సంబంధించినంతవరకు జూల చరిత్రలో ఎక్కువ భాగం వృథా బందీత్వమే. పెంపకం సాగక, అడవికి వెళ్లే దారి లేక, ఒంటరిగా ముసలివైన కోతులే ఎక్కువ. సమర్థించేవాళ్ల మాటలోనూ నిజముంది. బ్రెజిల్ టామరిన్‌ను జూ లేకుండా ఊహించలేం, అమ్రాబాద్ అడవిలోకి వెళ్లిన మూషిక జింకలనూ ఊహించలేం. ఈ రెండు నిజాలను విడదీసేది ఉద్దేశం కాదు, గుంపు పరిమాణం. కోతుల పని జరిగిన చోట కొద్ది జాతులను, ఎక్కువ జంతువులను, ఎక్కువ జూలు కలిసి పెంచాయి. చెడిన చోట చాలాసార్లు ఎక్కువ జాతులు, రకానికి ఒకటీ అరా.

ఆ లెక్కన విశాఖ జూ తన కోతుల జాబితాను పెంచుకోకూడదు, తగ్గించుకోవాలి. ఒంటరిగా ఉన్న విదేశీ కోతులు ఏవైనా ఉంటే వాటిని అదే జాతి గుంపున్న జూకు పంపి, ఆ చోటును ఒకటి రెండు జాతులకు ఇవ్వాలి. వండలూరు లాంటి కేంద్రానికి తోడుగా, తీరపు తుపానుకు ఎదురు నిలిచే ఎన్‌క్లోజర్‌తో ఒక పెంపకం గుంపును పూర్తిగా సాకే బాధ్యత తీసుకోవడం ఒక దారి. తెలుగు నేలలోని టోపీ కోతి, దేవాంగపిల్లి మీద హైదరాబాద్ లాకోన్స్‌తో కలిసి ముందుగానే పని మొదలుపెట్టడం ఇంకో దారి. రేసుకుక్కల దగ్గర నేర్చుకున్న కీపర్లు ఉన్నారు కాబట్టి రెండోది విశాఖకు బాగా తగుతుంది. 625 ఎకరాల చోటు నిజమైన ఆస్తి అయ్యేది అప్పుడే.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. జూలో జంతువులను దత్తత తీసుకునే పథకం ఉంది. పోర్టు, ఉక్కు, చమురు కంపెనీల ఊళ్లో దాతలకు లోటు లేదు. దాత ఒక కోతిని దత్తత తీసుకుని బోర్డు మీద పేరు రాయించుకుంటే ఆ కోతికి ఏడాది తిండి దొరుకుతుంది. అదే దాత ఒక గుంపును పదేళ్లకు దత్తత తీసుకుని, సగం డబ్బు ఆ జాతి బతికే అడవికి వెళ్లేలా ఒప్పందం రాసుకుంటే అది పెంపకం అవుతుంది. ఈ షరతు దాతలు పెట్టకపోయినా జూ పెట్టాలి.

ఇక మనం, టికెట్ కొనేవాళ్లం. జూకు కొత్తగా అరుదైన కోతి వచ్చిందని పేపర్లో ఫొటో పడినప్పుడు మొదట దాని పేరు కాదు, ఎన్ని వచ్చాయో చూడాలి. ఒకటో రెండో అయితే అభినందనలు వాయిదా వేసుకోవచ్చు. ఎనిమిదో పదో కలిసి వచ్చి, వాటికి దేశంలో ఇంకో మూడు చోట్ల చుట్టాలుండి, వాటి మనవలు చేరుకోగల అడవి ఒకటి కాపలాలో ఉంటే, ఆ ఎన్‌క్లోజర్ ముందు జనానికి ఏమీ కనిపించకపోయినా ఆ జూ తన పని చేస్తున్నట్టే లెక్క.